రాజు ప్రార్థన దగ్గర ఆగిపోయిన మాస్టారు

ఎవరూ, సన్నీయా? రా నాన్నా, ఆ ప్లాస్టిక్కుర్చీ ఇలా లాక్కుని దగ్గరగా కూచో, ఎడం చెవి బొత్తిగా పని చెయ్యట్లేదు. ఏంటీ, దైవాధీనం మాస్టారి గురించి రెండు లైన్లు కావాలా? ఫ్లెక్సీ మీదికా? బాగానే ఉంది. మన గుడికి వందేళ్లు నిండేయని పండగ చేస్తున్నారు, పాతకాలపు పెద్దవాళ్ల ఫొటోలన్నీ వేయిస్తున్నారు, మంచిదే. ఇంతకీ నువ్వేం రాసేవో చదువు. "తెల్లదొరల గుండెల్లో నిద్రపోయిన పోరాట సింహం." ఓరి నీ అసాధ్యం కూలా, సింహమేంట్రా? ఆయన్ని నువ్వు చూళ్లేదు కాబట్టి సరిపోయింది. బక్కపలచగా, కొంచెం ముందుకి వంగి నడిచేవారు. కాలవ గట్టు మీద ఎదురుగా గేదె వస్తే ఆయనే పక్కకి తప్పుకునేవారు. మాట కూడా పెద్దగా పైకొచ్చేది కాదు, బళ్లో వెనక వరస పిల్లలకి వినపడదని వాళ్లనే ముందుకి పిలిచి కూచోబెట్టుకునేవారంట. అంత మెత్తటి మనిషి రాజుకి ఎదురు నిలబడ్డారు, అదీ మనం చెప్పుకోవలసింది. సింహం నిలబడితే అందులో గొప్పేముంది చెప్పు. అవతల పెట్టు ఆ కాయితం, ముందు విను.

ఇప్పుడు ఆదివారం ఆరాధనలో దేశాన్ని ఏలే అధికారుల కోసం ప్రార్థన చేస్తాం చూడు, ఆ చోట పూర్వం రాజు ప్రార్థన ఉండేది. "మా రాజైన జార్జి చక్రవర్తిని, ఆయన రాణిని, ఆయన ఇంటివారిని కాపాడుము, ఆయన శత్రువులను అణచుము" అని పుస్తకంలో అచ్చేసి ఉండేది. ఎవరో మెడ మీద కత్తి పెట్టి చదివించేవారనుకోకు. మనవాళ్లు ఇష్టంగానే చదివేవారు. ఎందుకు చదవరు? రైతుల గేదెల వెనక తిరిగే మన పిల్లల్ని తీసుకొచ్చి బళ్లో కూచోబెట్టింది మిషను దొరలే కదా. దొరగారు మంచాయన, ఆయన రాజు ఇంకా మంచాయన అయ్యుంటాడు, అదీ మన పేట లెక్క. సంతోషమ్మని ఒకావిడుండేది, నేను ఎరిగేసరికే ముసలిది, మొగుడూ పిల్లలూ ఎవరూ లేరు. పట్టాభిషేకం అప్పుడు బళ్లో పంచిపెట్టిన రాజుగారి బొమ్మ ఆవిడింట్లో యేసుప్రభువు పటం పక్కనే గోడకి అంటించి ఉండేది. తలనొప్పొచ్చినా, పెంచుకున్న కోడి కనపడకపోయినా ఇద్దరికీ కలిపే చెప్పుకునేది. నవ్వకు, ఆవిడకి ఎవరున్నారు మరి.

మాస్టారు మిషను బళ్లో పంతులు. ఆదివారం గుళ్లో ఆరాధన నడిపించేదీ ఆయనే. నలభై రెండులో, అప్పటికి నేను రెండేళ్ల పిల్లని, ఇదంతా మా అమ్మ చెప్పిందే, పెద్ద పెద్ద నాయకులందరినీ జైళ్లలో వేసేరని పేపర్లో వచ్చింది చూడు, ఆ వారం. ఆ ఆదివారం దొరగారు, దొరసాని కూడా కాలవ మీద పడవలో వచ్చి ముందు వరసలో కూచున్నారంట. మాస్టారు మామూలుగానే పాట ఎత్తుకున్నారు, వాక్యం చదివేరు. రాజు ప్రార్థన దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేరు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకున్నారంట జనం. మా అమ్మ పక్కనున్నావిడ "మంచినీళ్లు తెండర్రా" అని కూడా అందంట. ఆయన పుస్తకం మూసేసి, ఎప్పట్లాగే మెల్లిగా, "అయ్యా, ఈ ప్రార్థన ఇంక నా నోట రాదండి. మన మనుషుల్ని కొట్టించే రాజుని కాపాడమని దేవుణ్ణి నేను అడగలేను. అడగాలనుకున్నవాళ్లు అడగండి, నాకేం అభ్యంతరం లేదు. మీరు ముగించేదాకా నేనిలా నిలబడతానండి" అన్నారంట. అప్పుడు ఆడవాళ్ల వేపునుంచి సంతోషమ్మ లేచి "మా రాజైన జార్జి చక్రవర్తిని" అని ఎత్తుకుని మొత్తం ఒక్కత్తే చెప్పేసిందంట, అక్షరం ముక్క రాని మనిషి, ఒక్క మాట తప్పకుండా. ఆవిడది అయ్యేదాకా మాస్టారు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారంట. చివర్న ఆయన ఆమేనన్నారా లేదా అని తర్వాత ఎన్నేళ్లో వాదించుకునేవారు మనవాళ్లు. మా అమ్మ మాత్రం అన్లేదనే అనేది.

మర్నాడు రాజోలు వెళ్లి ఊరేగింపులో కలిసేరు. తాలూకా కచేరీ మీద జెండా కట్టబోతే పోలీసులు చితక్కొట్టి రాజమండ్రి జైలుకి పంపేరు. ముందు పళ్లు అక్కడే పోయేయి, ఆ కచేరీ మెట్ల మీద. ఊరేగింపుకి పెద్ద ఎవరంటే బాపిరాజుగారని మన పక్కూరి కొబ్బరితోటల ఆసామి, కాంగ్రెసు మనిషి. మంచాయనే, కాదన్ను. కానీ దారిలో దాహమేస్తే అందరికీ చెంబు చేతికిచ్చి, మన మాస్టారిని మాత్రం దోసిలి పట్టమని పైనుంచి పోసేరంట. తెల్లోడు వెళ్లిపోవాలి గాని చెంబు మాత్రం ఎవరి చేతిలోది వాళ్ల చేతిలోనే ఉండాలి. మాస్టారు ఈ సంగతి చెప్పి నవ్వేవారు. ఏం నవ్వండీ అది, నాకు ఒళ్లు మండిపోతోందంటే "దాహం తీరింది కదమ్మా" అనేవారు. నాకింకా మండుతూనే ఉంది. అది కూడా నీ ఫ్లెక్సీ మీద రాస్తావా? రాయవు. బాపిరాజుగారి మనవడు టెంటు సామాన్లు ఇప్పిస్తున్నాడు కదా పండక్కి. సర్లే, కుర్రాడు మంచోడే, మనింట్లో టీ తాగి వెళ్తాడు. ఎక్కడున్నాను? ఆయ్, జైలు.

ఆయన జైల్లో ఉండగానే ఇక్కడ పెద్దల కూటం పెట్టేరు. దొరగారు కేకలేం వెయ్యలేదంట. "సర్కారు గ్రాంటు ఆపేస్తే బడి నడపడం నా వల్ల కాదు, ఏం చెయ్యాలో మీరే ఆలోచించుకోండి" అని టోపీ పెట్టుకుని పడవెక్కేసేరంట. సంఘప్పెద్ద ఎవరు? మా నాన్నే, యేసురత్నంగారు. మా నాన్నా మాస్టారూ చిన్నప్పట్నుంచీ ఒకే కంచం ఒకే మంచం. ఇద్దరూ కలిసి పీతలు పట్టినవాళ్లు, ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. అయినా ఆ మాట మా నాన్న నోటంటే వచ్చింది. "బడి పోతే పిల్లలు మళ్లీ గేదెల వెనక పోతారర్రా. ఒక్క మనిషి కోసం పేటంతా మునిగిపోదామా" అన్నాడంట. దాంతో మాస్టారి ఉద్యోగం తీసేసేరు, బల్ల కూడా తీసేసేరు. ఇప్పటి పిల్లలకి బల్ల తియ్యడమంటే తెలీదు. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం కదా, తప్పు చేసినవాణ్ణి అందులోకి రానివ్వరు. తాగి పెళ్లాన్ని కొట్టినవాడికి, దొంగతనం చేసినవాడికి వేసే శిక్ష అది. మన పేటలో అంతకన్నా తలవంపు ఇంకోటి లేదు. మా నాన్న మంచోడా చెడ్డోడా అంటే నేను చెప్పలేను నాన్నా. భయపడ్డాడు. అలా మూతపడకుండా నిలబడ్డ బళ్లోనే కదా తర్వాత నేనూ పలక పట్టుకుని కూచున్నది.

ఏడాది దాటేక మాస్టారు తిరిగొచ్చేరు. ఉద్యోగం లేదు కదా, కొబ్బరి పీచు తెచ్చుకుని తాళ్లు పేని అమ్ముకునేవారు. ఆదివారం మాత్రం ఉతికిన పంచె కట్టుకుని అందరికన్నా ముందే గుడికొచ్చేవారు. లోపలికి రారు. వరండాలో కిటికీ పక్కన చాపేసుకుని కూచుంటారు. పాటలు పాడతారు, వాక్యం వింటారు. బల్ల ఆదివారమైతే ఆయన భార్య మార్తమ్మగారు లోపల రొట్టె తీసుకునేది, ఈయన కిటికీలోంచి చూస్తుండేవారు. ఆవిడ ఎప్పుడూ తలెత్తి ఆ కిటికీ వేపు చూసేది కాదు, చూస్తే మింగుడు పడదని. తిరిగి చేరాలంటే ఒకటే దారి. బల్లకి ముందు అందరి ఎదురుగా నిలబడి "నేను ఫలానా తప్పు చేసేను, క్షమించండి" అని ఒప్పుకోవాలి. ఎవరికి తప్పు చేసేడో ఆ మనిషి లేచొచ్చి కుడిచెయ్యివ్వాలి. పై నెల నుంచి బల్ల. ఎంతోమంది అలా ఒప్పుకుని చేరేరు, తాగుబోతు ఏలియా అయితే ఏడాదికి రెండుసార్లు చేరేవాడు. మా నాన్న మనుషుల్ని పంపించేడు, "ఒక్క మాట అనెయ్ దైవాధీనం, నీ నోటి ముత్యాలేం రాలిపోవు" అని. ఆయనేమన్నారంటే "నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయండి, అడిగితే అన్నీ చెప్తాను. ఇది మాత్రం వాటిలో లేదు" అన్నారు. ఆ రొట్టె కోసం ఆయన ఎంత అల్లాడేరో మార్తమ్మగారు మా అమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చేది. కావాలి ఆయనకి, బాగా కావాలి. కానీ అబద్ధం చెప్పి తెచ్చుకోలేరు.

నలభై ఏడొచ్చింది. బళ్లో జెండా ఎగరేసేరు, బాపిరాజుగారొచ్చి పిప్పరమెంటు బిళ్లలు పంచేరు, నాకూ రెండు దొరికేయి. పుస్తకంలో రాజు ప్రార్థన కొట్టేసి అధికారుల ప్రార్థన పెట్టేరు. ఇంకేం, మాస్టారిని లోపలికి పిలిచేసుంటారని నువ్వనుకుంటావు. లేదు. ఒప్పుకోలు ఒప్పుకోలే, అది లేకుండా బల్ల ఇవ్వడానికి ఏ పెద్దకీ ధైర్యం చాల్లేదు. "రాజే వెళ్లిపోయేడు కదా, ఇంకా పట్టుదలేంటి, ఒప్పేసుకో" అని మనవాళ్లు. "రాజు వెళ్లిపోయేక కూడా రాజు కోసం తప్పొప్పుకోమంటారేంటండీ" అని ఆయన. స్వతంత్రం దేశమంతటికీ వచ్చింది, మాస్టారికి మాత్రం గుడి వరండా దాకా వచ్చి ఆగిపోయింది. మా నాన్న ఆ కిటికీ వేపు కూచోడం మానేసి అటు గోడ వారకి మారిపోయేడు. దారిలో మాస్టారు ఎదురైతే చేలోకి దిగి నడిచేవాడు.

ఇంక నా సంగతి చెప్పనీ. నాకు ఎనిమిదేళ్లొచ్చినా చదవడం రాలేదు. బళ్లో వచ్చిన కొత్త పంతులుకి బెత్తం తప్ప ఇంకోటి తెలీదు, ఆయన్ని చూస్తే నాకు వచ్చిన అక్షరం కూడా పోయేది. ఓ రోజు మా అమ్మ "మాస్టారింటికెళ్లి తాడు ఇమ్మన్నానని చెప్పు" అని పంపింది. ముందే వెళ్లి ఆయనతో ఏం మాట్లాడిందో, ఆయన తాడివ్వలేదు, అరుగు మీద కూచోమన్నారు. నాకు భయమేసి "నేను యేసురత్నంగారి అమ్మాయినండి" అని చెప్పేసేను, తర్వాత తెలిస్తే వెళ్లగొడతారేమోనని. "ఆయ్, తెలుసమ్మా కాంతమ్మా. మీ నాన్న గొంతే నీది, ఖణేల్మని ఉంటుంది. గట్టిగా చదువు" అన్నారు. తాడు పేనేటప్పుడు ఒక కొస నా చేతికిచ్చేవారు. తాడు పొడుగయ్యే కొద్దీ నేను వెనక్కి నడవాలి, నడుస్తూ చదవాలి. తప్పు చదివితే అటునుంచి తాడు చిన్నగా లాగేవారు. అంతే, అంతకుమించి దెబ్బ లేదు, తిట్టు లేదు. వీధి చివరి దాకా వెళ్లేసరికి పాఠం వచ్చేసేది. వచ్చేటప్పుడు ఓ తాడు ముక్క చేతిలో పెట్టి పంపేవారు, మా అమ్మ అడిగింది కదా అని. ఇంట్లో అక్కర్లేని తాళ్లు గుట్టపడిపోయేయి. మా నాన్న వాటిని రోజూ దాటుకుంటూ వెళ్లేవాడు గాని ఇవెక్కడివే అని ఒక్కనాడూ అడగలేదు.

నేను ట్రైనింగయ్యి, టీచరునై, ఎంతమందికి అక్షరాలు దిద్దించేనో నీకు తెలుసు, మీ నాన్న కూడా నా దగ్గరే చదివేడు. మా అబ్బాయి బ్యాంకులో చేసి రిటైరయ్యేడు, అదిగో లోపల మా మనవరాలు బిందు పరీక్షకి చదువుతోంది. మేమందరం ఆ తాడు కొస పట్టుకుని వచ్చినవాళ్లమే రా. మా నాన్న ఆయన నోటి ముందు కంచం లాగేసేడు, ఆయన మా నాన్న కూతురికి అన్నం పెట్టేరు. రోజూ పొద్దున్నే ప్రార్థనలో మా అమ్మానాన్నల పేర్ల కన్నా ముందు ఆయన పేరే చెప్పుకుంటాను, దేవుడేమనుకున్నా సరే.

మరి లోపలికెప్పుడొచ్చేరంటావా? అదే చెప్తున్నాను, తొందరపడకు. జార్జి రాజు పోయిన ఏడు. యాభై రెండు కాబోలు, నాకు పన్నెండేళ్లు. పంచాయతీ రేడియోలో చెప్పేరు రాజు పోయేడని. మన పేటలో ఎవరికి కావాలా వార్త? సంతోషమ్మ మాత్రం గుమ్మంలో కూలబడిపోయి ఒకటే శోకాలు. స్వతంత్రం వచ్చేక గుళ్లో మానేసేరు గాని ఆవిడ ఇంట్లో రాజు ప్రార్థన మాన్లేదు. "అయ్యో నా తండ్రీ, ఇద్దరాడపిల్లల్ని వదిలేసి పోయావా" అని గుండెలు బాదుకుంటోంది. జనం పోగై నవ్వుతున్నారు. "ఏమే సంతోషమ్మా, దినానికి లండన్ వెళ్తావా, పడవ మాట్లాడమంటావా" అని ఒకడు. నేనూ ఆ గుంపులో పళ్లికిలించినదాన్నే. అప్పుడొచ్చేరు మాస్టారు. చేతులకున్న పీచు దులుపుకుని, ఆవిడ పక్కన నేల మీద కూచున్నారు. మా నాన్న పొలం నుంచి వస్తూ దడి అవతల ఆగేడు, నాకు ఆయన తలపాగా కనపడుతోంది. "ప్రార్థన చేసుకుందామా అత్తా" అన్నారు మాస్టారు. ఆవిడ ఏడుపాపి "నువ్వా బాబూ, ఆయన కోసమా" అంది. "పోయినవాడు ఇంక రాజేంటత్తా, ఇద్దరాడపిల్లల తండ్రి" అన్నారు. అని కళ్లు మూసుకుని, ఆ ఇంటి ఇల్లాలికీ ఆ పిల్లలకీ ఓదార్పివ్వమని దేవుణ్ణడిగేరు. జైలు మాట లేదు, పళ్ల మాట లేదు, వరండా మాట లేదు. మన పేటలో ఎవరైనా పోతే ఎలా చేస్తారో అలాగే చేసేరు. నవ్వేవాళ్లందరూ తలలు దించుకుని ఎటువాళ్లటు వెళ్లిపోయేరు.

ఆ పూట మా నాన్న కంచం ముందు కూచుని అన్నం కలుపుతున్నాడు, కలుపుతున్నాడు, తినడు. ఏమైందయ్యా అంది మా అమ్మ. "దైవాధీనానికి కోపం లేదే. నా మీద కోపంగా ఉంటాడని ఇన్నేళ్లుగా చేలో పడి నడుస్తున్నాను. ఆ మనిషికి ఎవరి మీదా లేదు" అన్నాడు. చెయ్యి కడిగేసుకుని లేచిపోయేడు.

తర్వాత బల్ల ఆదివారం. దొరగారు అప్పటికే దేశం వెళ్లిపోయేరు, కొత్త పాస్టరుగా మన తెలుగు అయ్యగారొచ్చేరు, చిన్నవాడు, ప్రతిదానికీ పుస్తకం చూసుకునేవాడు. ఒప్పుకోలు ఎవరిదైనా ఉందా అని అడగడం రివాజు, అడిగేడు. మా నాన్న లేచి, తాగుబోతు ఏలియా నిలబడే చోటుకి వెళ్లి నిలబడ్డాడు. సంఘప్పెద్ద అక్కడ నిలబడ్డం ఎవరూ చూళ్లేదు. "దైవాధీనం మాస్టారు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు లేదని తెలిసీ, బడి పోతుందని భయపడి ఆయన బల్ల తీయించింది నేను. నన్ను క్షమించండి" అన్నాడు. ఖణేల్మనే గొంతు, ఆ రోజు సగానికి విరిగిపోయింది. అయ్యగారు పుస్తకం తిప్పి చూసుకుని, "ఎవరికి తప్పు చేసేరో వారొచ్చి కుడిచెయ్యివ్వాలండి" అన్నాడు. అందరూ కిటికీ వేపు తిరిగేరు. మాస్టారు చాప మీంచి లేచేరు. చెప్పులు ఎప్పుడో విడిచే ఉన్నాయి, అయినా కిందికి చూసుకున్నారు. గడప దాటి లోపలికొచ్చి మా నాన్నకి చెయ్యిచ్చేరు. మా నాన్న రెండు చేతుల్తో పట్టుకుని వదల్లేదు. కాసేపటికి మాస్టారే మెల్లిగా విడిపించుకుని మళ్లీ వరండా వేపు తిరిగేరు. తన ఒప్పుకోలు కాలేదు కదా, చెయ్యివ్వడానికి పిలిచేరు, ఇచ్చేరు, వెళ్లిపోతున్నారు. మార్తమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు సంతోషమ్మ కూచున్న చోటునుంచే "ఎక్కడికయ్యా, బల్ల ఇక్కడుంటే" అంది. అయ్యగారు పుస్తకం చూసేడు, మాస్టారిని చూసేడు, పుస్తకం మూసేసి "కూచోండి మాస్టారూ" అన్నాడు.

కూచున్నారు, మా నాన్న పక్కనే. రొట్టె పళ్లెం వచ్చింది. మాస్టారు ఒక ముక్క తీసుకున్నారు. మా నాన్న దగ్గరికొచ్చేసరికి పళ్లెం ఆగకుండా ముందుకి వెళ్లిపోయింది. ఆ రోజే ఒప్పుకున్నాడు కదా, రివాజు ప్రకారం పై నెల దాకా ఆయనకి బల్ల లేదు. మా నాన్న తల వంచుకుని ఒళ్లో చేతులు పెట్టుకుని కూచున్నాడు. మాస్టారు తన రొట్టె నోట్లో పెట్టుకోలేదు. సగానికి తుంచి మా నాన్న చేతిలో పెట్టేరు. మా నాన్న అయ్యగారి వేపు చూసేడు. అయ్యగారు పైకప్పు వేపు చూస్తున్నాడు. ఆ ముక్క అరచేతిలోనే పెట్టుకున్నాడు, తినడు. మాస్టారు ఆయన మోచెయ్యి పట్టుకుని, నేను తప్పు చదివితే తాడు లాగేవారు చూడు, అలాగే చిన్నగా లాగి, "తినవోయ్ యేసురత్నం" అన్నారు.

ఆయ్... తిన్నాడు.

బిందూ, సన్నీకి టీ పెట్టవే తల్లీ.